పోవుడుకు జర టైమియ్యి

సారు పోయాడన్న ఫోన్ వచ్చినప్పుడు నేను ఒక వెంచర్ వీడియోకి వేణువు అతికిస్తున్నాను. వెంచర్ అంటే కొంత గడ్డి, కొన్ని తెల్లరాళ్లు, ఒక పెద్ద ఆర్చి. ఆర్చి మీంచి డ్రోన్ ఎగిరేటప్పుడు వేణువు రావాలి, "ఎయిర్‌పోర్టుకు పదే నిమిషాలు" అన్న మాట పడగానే తబలా మొదలవ్వాలి. ఇది ఓనరు సంగీతాభిరుచి. శంషాబాద్ చుట్టుపక్కల ఏ ప్లాటు నుంచైనా ఎయిర్‌పోర్టు పది నిమిషాలే. ఎయిర్‌పోర్టు లోపలి నుంచి బయట పడడానికి మాత్రం అరగంట.

ఫోన్ చేసింది ప్రవీణ్. పగలు ఎయిర్‌పోర్టు క్యాబ్ నడుపుతాడు, ఖాళీ దొరికితే కంప్యూటర్‌లో డ్రమ్స్ కడతాడు. వాడూ నేనూ సారు దగ్గర సంగీతానికి ఒకే ఏడాది చేరాం.

"సారు పోయిండ్రా."

"యాడికి?"

ఇది జోకు కాదు, నిజంగానే అడిగాను. కానీ పదేళ్లుగా ప్రతిదానికీ జోకు వేసిన మనిషికి ఆ సౌకర్యం ఉండదు. వాడు "ఇప్పుడు గూడనా నీ కామెడీ" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు. "తిని పండుకున్నడంట. మేడమ్ ఛాయ్ తీస్కపోయి లేపితే లేవలే."

నేను "సరే" అన్నాను. వేణువు పూర్తి చేశాను. ఫైలు పంపాను. ఓనరు బొటనవేలు పంపాడు. ఏడుపు వస్తుందని కొంతసేపు కూర్చుని చూశాను. ఆలస్యమైన ఫ్లైటులా బోర్డు మీద పేరు కనిపిస్తూనే ఉంది, అది మాత్రం దిగలేదు. లేచి బండి తీశాను.

*

సారు అని రాసి కింద "అనేవాడు, తినేవాడు" అంటున్నానని ఎవరూ నొచ్చుకోవద్దు. మా వైపు గౌరవమంతా సారు అన్న పిలుపులోనే ఖర్చయిపోతుంది.

శంషాబాద్ దగ్గరి సాతంరాయిలో, హైవే పక్క గల్లీలో, ఒక మంచినీళ్ల ప్లాంటు మీద రెండు గదులు ఆయనవి. ముందు గది క్లాసు, వెనక గది సంసారం. పొద్దున సిటీలో ఏదో ఒక కాలేజీలో పాఠం చెప్పేవాడు. కాలేజీలు మారుతుండేవి, పాఠం అదే. మధ్యాహ్నం నుంచి మాకు. మెట్ల దగ్గర బోర్డు: "సంగీత రచన, ఎలక్ట్రానిక్ సంగీతం నేర్పబడును." ఆ బోర్డులో జనానికి ఎలక్ట్రానిక్ అన్న మాట ఒక్కటే కనిపించేది. నెలకు ఇద్దరు ముగ్గురైనా మిక్సీలు, టేబుల్ ఫ్యాన్లు పట్టుకుని మెట్లెక్కేవారు. సారు విసుక్కునేవాడు కాదు. ఫ్యానుని ప్లగ్గులో పెట్టి, కళ్లు మూసుకుని విని, "బేరింగు పోయింది, మోటరు మంచిగనే ఉన్నది, మోసపోకు" అని చెప్పి పంపేవాడు. ఆయన ఇచ్చిన తీర్పుల్లో పాటల మీద కంటే ఫ్యాన్ల మీద ఇచ్చినవే దయగా ఉండేవి.

గది గుమ్మం దగ్గర ఒక బిస్కెట్ల డబ్బా. ఫోన్లు అందులో వేసి లోపలికి రావాలి. ఫోన్ దగ్గరుంటే స్పీకర్లలో టిక్కుటిక్కుమంటుందని. డబ్బా పక్కన ఇంకో డబ్బాలో ఉప్పుపల్లీలు. వాటిని మేడమ్‌కు కనపడకుండా షర్టు జేబులోకి మార్చుకునేవాడు. మేడమ్ సర్కారు దవాఖానలో నర్సు. ఆయన బీపీ అంకెలు ఆయనకంటే ఆమెకే బాగా గుర్తు.

పల్లీ తినడానికి ఒక పద్ధతి ఉండేది. మన పాట మొదలవగానే ఒక పల్లీ బుగ్గలో పెట్టుకునేవాడు. పాట అయ్యేదాకా అది అక్కడే ఉంటే పాటలో ఏదో ఉన్నట్టు. మధ్యలో కటుక్కుమని నమిలాడంటే అయిపోయింది. ఇంకా రెండు నిమిషాల పాట మిగిలి ఉన్నా వినిపించడం దండగ. రెండేళ్లలో నా పాటల్లో ఆయన నమలని పల్లీలు మూడు. ఒకటి ఆయన నిద్రపోయిన రోజుది.

కీబోర్డు పాతది. మధ్యలో ఒక మెట్టు పలికేది కాదు. బాగు చేయించమంటే, "అది లీవులున్నది. దాన్ని పరేషాన్ చెయ్యకు, పక్కదానితోని పని చేస్కో" అనేవాడు. మేమందరం ఆ మెట్టు లేకుండానే పాటలు కట్టడం నేర్చుకున్నాం. ఇప్పటికీ మంచి కీబోర్డు దొరికినా నా వేలు దాని మీదికి పోదు.

ఇవన్నీ పక్కన పెడితే, ఆ గదికి అసలు యజమాని విమానం. దిగే విమానాలు మా నెత్తి మీంచే పోయేవి. వేరేవాళ్లయితే గోడలకు ఫోమ్ కొట్టించుకునేవారు, లేదా ఇల్లు మారేవారు. సారు ఒక అలవాటు పెట్టుకున్నాడు. దూరంగా గుర్రుమని మొదలవగానే అందరూ చేతులు కీబోర్డు మెట్ల మీంచి తీసి ఒళ్లో పెట్టుకోవాలి. మాట సగంలో ఉంటే సగంలోనే ఆపాలి. ఆయన పైకి చూసి, "రానీ" అనేవాడు. విమానం కప్పు మీంచి పోయి, చప్పుడు సన్నబడి, కింద ప్లాంటు మోటరు మళ్లీ వినపడేదాకా ఆగి, "పోనీ" అనేవాడు. అప్పుడు మళ్లీ చేతులు. మేడమ్ ఛాయ్ ట్రే పట్టుకుని వస్తూ గుమ్మంలోనే నిలబడిపోయేది. ఒక్కోసారి వరసగా మూడు దిగేవి. ఛాయ్ మీద మీగడ కట్టేది.

కొత్తగా చేరినప్పుడు నేను అడిగాను. "సార్, మొత్తం కోర్సుల విమానాల టైమే సగం ఉన్నది. సగం ఫీజు తీస్కుంటరా?"

"విమానాన్ని అడుగు. నేర్పేది అదే."

నిజంగానే దానితోనే నేర్పాడు. సింథసైజర్‌లో ప్రతి స్వరానికి నాలుగు దశలుంటాయి. పుస్తకాల్లో వాటికి ఇంగ్లీషు పేర్లున్నాయి. సారు పేర్లు వేరు: వచ్చుడు, తగ్గుడు, నిలబడుడు, పోవుడు. మేమంతా వచ్చుడు మీద పడి చచ్చేవాళ్లం, స్వరం దభీమని రావాలని. పోవుడు బటన్ సున్నా మీద వదిలేసేవాళ్లం. వేలు తీయగానే స్వరం కత్తిరించినట్టు ఆగిపోయేది.

"ఏందిరా గిది, కరెంటు పోయినట్టు?" అనేవాడు. "విమానం చూడు, ఎంత సేపు పోతది. మనిషి గూడ గంతే. పోవుడుకు జర టైమియ్యి."

తన విషయంలో మాత్రం సున్నా మీదే పెట్టుకున్నాడు. తిని పడుకున్నాడు, లేవలేదు. ఇది చెబితే ఆయనే నవ్వేవాడు. అంటే ముక్కులోంచి ఒక గాలి వదిలేవాడు. అంతకంటే నవ్వు ఆయన దగ్గర లేదు.

*

సంగీత రచన అంటే ఆయన లెక్కలో రాయడం కాదు, తీసేయడం.

నేను మొదటిసారి సొంతంగా కట్టిన పాటలో ముప్పై రెండు ట్రాకులు. వయొలిన్లు, గంటలు, సముద్రం, ఏడ్చే ఆడగొంతు ఒకటి. పల్లీ పదో సెకనులోనే నమిలాడు. తర్వాత నా పక్కకి కుర్చీ లాక్కుని కూర్చుని ఒక్కో ట్రాకు నొక్కుతూ అడిగాడు.

"ఇది తీస్తే పడిపోతదా?"

"పడిపోదు సార్."

"తీసెయ్. ఇది?"

"ఇది ఫీలింగ్ సార్."

"ఎవరి ఫీలింగు?"

నేను ఆలోచించాను. "ఇంటర్‌నెట్ల దొరికింది సార్."

"తీసెయ్."

సాయంత్రానికి మూడు మిగిలాయి. పాట పడిపోలేదు. నేనే పడిపోయాను. ఇంటికి పోయి అన్నం తినలేదు. తర్వాత తిన్నాను, పప్పుచారు ఉంది.

ఆయన ఎవరినీ బాగుందని అనలేదు. రెండేళ్లు ఆ మాట కోసం మేమందరం వరసలో నిలబడ్డాం. నాకు ఒక్కసారి దొరికింది. అది ఎలా దొరికిందో చెప్పాలి, ఎందుకంటే మిగతాదంతా దాని మీదే ఉంది.

గదిలో ఏ రికార్డింగు మొదలైనా ముందు సారు లెక్క పెట్టేవాడు. "ఒకటి, రెండు, ఇగ." మూడు అనేవాడు కాదు. వాయింపు అయ్యాక ఒక మాట అనేవాడు, "మెడ నొప్పి ఉన్నదా, గట్ల వాయిస్తున్నవ్" లాంటిది. ఇవన్నీ ఫైళ్లలో మొదట, చివర పడేవి. ఏళ్ల తరబడి విద్యార్థుల రికార్డింగులన్నీ ఒక డిస్కులో ఉండేవి. అది నిండిపోయింది. కోర్సు చివర్లో ఒక రోజు సారు నన్ను పిలిచి, "జర శుభ్రం చెయ్యి. పాట ఉంచు, లొల్లి తీసెయ్" అన్నాడు.

నేను ఆయన దగ్గర నేర్చుకున్నది అదొక్కటే. అన్ని ఫైళ్లనూ ఒకేసారి కోసే పద్ధతి తయారు చేశాను. మొదట్లో లెక్క పోయింది, చివర్లో మాట పోయింది, పాట మాత్రం మిగిలింది. జాగా కోసం పాతవాటి మీదే కొత్తవి రాసేశాను. ఒక మధ్యాహ్నం పని. సారు వచ్చి రెండు మూడు ఫైళ్లు విన్నాడు.

"పాతయి?"

"గవి గూడ తీసేసిన సార్. డిస్కు సగం ఖాళీ."

ఆయన కిటికీ వైపు చూశాడు. విమానమేమో అనుకుని నేను చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. ఏ విమానమూ రాలేదు.

"శుభ్రంగ చేసినవ్" అన్నాడు.

దాన్ని నేను మెచ్చుకోలు అనుకున్నాను. ప్రవీణ్‌కి బిర్యానీ తినిపించాను.

*

సమాధుల తోటలో సారు శిష్యులం పదమూడు మందిమి నిలబడ్డాం. పాస్టరుగారు ప్రార్థన ముగించి మట్టి వేయమన్నారు. ఒక్కొక్కరం పిడికిట్లో ఎర్రమట్టి తీసుకుని ముందుకు కదులుతుండగా దూరంగా గుర్రుమంది.

ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు. పదమూడు మందిమీ ఎక్కడివాళ్లం అక్కడే ఆగిపోయాం. చేతులు కిందకి దించాం. పలుగు పార పట్టుకున్న ఇద్దరు మనుషులు మమ్మల్ని చూసి, ఏదో ఆచారం కాబోలని వాళ్లూ ఆగారు. పాస్టరుగారు వాక్యం చెప్పబోయి, అందరూ బిగుసుకుపోయి ఉండటం చూసి పుస్తకం మూశారు. విమానం మా మీంచి, సారు మీంచి పోయింది. చక్రాలు కనిపించాయి. చప్పుడు మొత్తం సన్నబడేదాకా నిలబడ్డాం. "పోనీ" అనేవాళ్లు లేక ఎప్పుడు కదలాలో తెలియలేదు. కొంచెం ఎక్కువసేపే నిలబడ్డట్టున్నాం.

పార పట్టుకున్నాయన ప్రవీణ్‌ని మెల్లగా అడిగాడు. "ఏందన్నా, ఇంకెవరన్న వచ్చేదున్నదా?"

"లేదు. పోయేదుండె" అన్నాడు ప్రవీణ్.

మేడమ్ ఆ మాట విన్నది. ఆమె కూడా చేతులు దించే నిలబడి ఉంది.

ఇంటికి వచ్చాక అందరికీ ఛాయ్ పోయించి, నన్ను వెనక గదిలోకి పిలిచింది. మనిషి మామూలుగానే ఉంది. దవాఖానలో రోజూ చూసేదే అన్నట్టు ఉంది. అలా ఉండటం నాకూ వచ్చు కాబట్టి గుర్తుపట్టాను.

"బిడ్డా, సారు గొంతు జర నా ఫోన్ల పెట్టు. డిస్కుల మస్తుంటది కద."

"కూడికల వినిపిస్తరా మేడమ్?" ఆదివారం చర్చిలో జ్ఞాపకార్థ కూడిక ఉంది.

"కూడికల ఎందుకు? నాకే. ఫొటోలు గోడ నిండ ఉన్నయి. ఫొటో లొల్లి చెయ్యది. ఇల్లు చెవుల్ల దూది పెట్టినట్టున్నది."

"పెడ్త మేడమ్" అన్నాను. ముందు గదిలోకి వచ్చి డిస్కు బ్యాగులో వేసుకున్నాను. అప్పటికి నా కాళ్లకే గుర్తొచ్చినట్టుంది, మెట్ల మీద ఒకసారి ఆగాయి.

*

మూడు రోజులు వెతికాను. డిస్కులో పాటలున్నాయి. శుభ్రంగా ఉన్నాయి. ఒక్కోదాన్నీ తెరిచి చెవి పెట్టి విన్నాను, ఎక్కడైనా ఒక "ఇగ" తోక మిగిలిందేమోనని. ఏ పని చేసినా సగంలో వదిలేసే మనిషిని నేను. ఈ ఒక్క పనిలో తోక కూడా మిగల్చలేదు.

సారు వాయిస్ మెసేజీలు పంపేవాడు కాదు. గొంతుకి గది కావాలి, జేబులో పడేయొద్దు అనేవాడు. ఎవరి ఫోన్లోనైనా దొంగచాటు రికార్డింగు ఉందేమోనని అందరినీ అడిగాను. ఫోన్లన్నీ బిస్కెట్ల డబ్బాలో ఉండేవని వాళ్లు నాకు గుర్తుచేశారు. చివరికి వాళ్ల బంధువుల పెళ్లి వీడియో ఒకటి దొరికింది. అందులో సారు మైకు పట్టుకుని రెండు నిమిషాలు మాట్లాడతాడు. ఎడిటింగ్ చేసినాయన ఆ రెండు నిమిషాల మీదా షెహనాయి వేశాడు. తిట్టుకోలేకపోయాను. మా వృత్తివాడే.

శనివారం మధ్యాహ్నం డిస్కు పట్టుకుని వెళ్లాను. మేడమ్ డ్యూటీకి పోలేదు, బియ్యంలో రాళ్లు ఏరుతోంది. దారి పొడవునా రెండు జోకులు తయారు చేసుకున్నాను, రెండూ గుమ్మంలోనే చచ్చాయి.

"సారు గొంతు లేదు మేడమ్. నేనే తీసేసిన."

చెప్పాను మొత్తం. ఆమె ఏరడం ఆపలేదు.

"సారు చెప్తె తీసినవా?"

"లొల్లి తీసెయ్యమన్నడు. పాతయి ఉంచుకోవాలన్న సోయి నాకు లేకపాయె."

"ముప్పై ఏండ్ల సంది ఆయన మాట ఒక్కరన్న విన్నరా అంటే, నువ్వు విన్నవ్ బిడ్డా" అంది. "నేనైతే వినలే. నువ్వే దొరికినవ్."

తిట్టుంటే బాగుండేది. తిట్టుకి జవాబు నా దగ్గర ఎప్పుడూ ఉంటుంది. ఆమె చాట పక్కన పెట్టి, "అన్ని చూసినవా?" అంది, పేషెంటుని అడిగినట్టు.

"పాటలన్నీ చూసిన."

"పాటలల్ల ఆయనేం ఉంటడు. పాట మీది."

అప్పుడు గుర్తొచ్చింది. ప్రతి రికార్డింగుకీ ముందు సారు మా చేత ఖాళీ గదిని ఒక నిమిషం రికార్డు చేయించేవాడు. ఎవరూ వాయించొద్దు, మాట్లాడొద్దు, కదలొద్దు. తర్వాత పాటలో ఎక్కడైనా ఏదైనా కోసేస్తే ఆ కన్నానికి అతుకు వేయడానికి ఈ ఖాళీ కావాలి. వాటికి లెక్క పెట్టేవాడు కాదు కాబట్టి వాటిని నేను కోయలేదు. అందులో పాడైనవి వేరే ఫోల్డర్‌లో వేసేవాడు. పేరు కూడా "పాడైనవి" అనే. శుభ్రం చేసే వాడెవడూ చెత్తబుట్టను శుభ్రం చేయడు.

అక్కడే నేల మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాను. పందొమ్మిది ఫైళ్లు. ఒకదాంట్లో దగ్గు. ఒకదాంట్లో కుక్కర్ విజిల్. "ఇది నాదే" అంది మేడమ్. పదకొండోది నేను చేరిన రోజుది. నలభై సెకన్లు ఫ్యాను, కింద ప్లాంటు మోటరు. తర్వాత కింద నుంచి ఎవరో, "అన్నా, రెండు క్యాన్లు కొట్టు, పెళ్లోళ్లు ఒచ్చిండ్రు" అని అరిచారు. ఆ వెంటనే ఒకడు ముక్కు మూసుకుని ఆపుకోలేక నవ్వాడు. అది నేను. కుర్చీ కిర్రుమంది. అప్పుడు సారు.

"నవ్వినవా? సరే తియ్. పాడైంది. విమానం గూడ వస్తున్నది, రానీ. అది పోయినంక మళ్ల తీద్దాం. నీ పేరేందన్నవ్?"

అంతే. అక్కడ ఆగిపోయింది. నా పేరు చెప్పానో లేదో ఫైల్లో లేదు.

మేడమ్ ల్యాప్‌టాప్ వైపు చూడటం లేదు, గోడ వైపు చూస్తోంది. "ఇంకోసారి పెట్టు" అంది. పెట్టాను. తల ఒక పక్కకి వంచి విన్నది.

"బుగ్గల పల్లీ ఉన్నది" అంది.

"ఏంది మేడమ్?"

"మాట చూడు, ఒక దిక్కు పోతున్నది. ఉప్పుపల్లీలు బంద్ చేసిన అని నాకు చెప్పిండు అప్పుడు. ప్రమాణం గూడ చేసిండు." గోడ మీంచి చూపు తిప్పకుండానే, "దొంగోడు" అంది.

నేను ఫైలు ఆమె ఫోన్లోకి పంపుతూ అన్నాను. "మేడమ్, ముందటి నా నవ్వు, ఆ క్యాన్ల లొల్లి తీసేసి, సారు మాట ఒక్కటే శుభ్రంగ చేసిస్త. ఐదు నిమిషాల పని."

"ఏం తీయకు."

"నవ్వు మంచిగ లేదు మేడమ్."

"లేకుంటే లేదు. ఏం తీయకు" అంది, నా చేతిలోంచి ఫోన్ తీసుకుంటూ.

ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని వేలితో నొక్కబోయింది. దూరంగా గుర్రుమంది. ఆమె వేలు ఆగింది. ఫోన్ చెవి దగ్గర నుంచి దించి ఒళ్లో పెట్టుకుంది. నేను ల్యాప్‌టాప్ మీంచి చేతులు తీసేశాను. చాటలో బియ్యం సన్నగా అదిరాయి. విమానం కప్పు మీంచి పోయింది, హైవే మీంచి పోయింది, ఇంకా పోతూనే ఉంది. కింద మోటరు మళ్లీ వినపడేదాకా ఇద్దరం కూర్చున్నాం.

తర్వాత ఆమె ఫోన్ చెవికి పెట్టుకుని మొదటి నుంచి నొక్కింది. నేను నవ్వేదాకా ఇంకా నలభై సెకన్లుంది.